రెండు నేలల పిల్లలు: బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ తెలుగు ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

మా అక్క కూతురు అమెరికాలో ఒక నల్లజాతి అబ్బాయిని పెళ్లి చేసుకుంది. నాలుగేళ్ల కొడుకును వెంటబెట్టుకుని ఏటా వేసవికి బరంపురం వస్తుంది. చూడ్డానికి వచ్చినవాళ్లు ముందు పిల్లవాణ్ని ముద్దు చేస్తారు, తర్వాత నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి అడుగుతారు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి ఫోన్లు కూడా వస్తున్నాయి. ఆ ఇళ్లలోనూ ఇలాంటి సంబంధాలు మొదలయ్యాయి. అడిగేవాళ్లు మారతారు గానీ ప్రశ్నలు అవే.

నేను ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పాను. అంతకు మించి, మా మామ్మ తల్లి బర్మా మనిషి. అంటే ఈ ప్రశ్నలు మా ఇంటికి కొత్త కాదు. అందుకే అందరి అనుమానాలూ ఒకచోట పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగానే ఉంటుంది, మీకు కావలసింది చూసుకోండి.

## మొదట్లో వచ్చే అనుమానాలు

రేస్ అంటే కులమా, జాతా, వర్ణమా? తెలుగులో ఏమనాలి?

మన చిక్కు మాట దగ్గరే మొదలవుతుంది. 'జాతి' అనే ఒక్క మాటను ఎన్నింటికి వాడతామో చూడండి: జాతీయ జెండా, మానవజాతి, స్త్రీజాతి, జాతి కుక్క, తక్కువ జాతి. రాజ్యాంగం 15వ అధికరణం మతం, రేస్, కులం, లింగం, పుట్టిన చోటు అని వేరువేరుగా పేర్కొని, వీటిలో దేన్ని బట్టీ ప్రభుత్వం పౌరుల మధ్య తేడా చూపకూడదంటుంది. చట్టం దృష్టిలో కూడా కులం వేరు, రేస్ వేరన్నమాట. ఒంటి రంగు, జుట్టు, కళ్లు, ముక్కు చూసి 'వీళ్లు ఫలానా రకం మనుషులు' అని గీసిన గీతను రేస్ అంటారు. పుట్టుకను బట్టి మనిషికి విలువ కట్టడం మాత్రం రెండింటిలోనూ ఉంది.

నేను ఇక్కడ 'రేస్' అనే రాస్తున్నాను. 'సంకరం' అన్న మాటను దయచేసి మనుషులకు వాడకండి. ఇప్పుడు ఆ మాట ఆవులకు, విత్తనాలకు వాడుతున్నాం. భగవద్గీత మొదటి అధ్యాయంలో యుద్ధం వద్దనడానికి అర్జునుడు చెప్పుకున్న భయాల్లో వర్ణసంకరం ఒకటి. ఆ భయం మన నోటి నుంచి ఇంకా పోలేదు. పిల్లల చెవిన అది తిట్టుగానే పడుతుంది.

తెలుగువాళ్లు ద్రావిడులు, ఒడియావాళ్లు ఆర్యులు కదా. మా ఇంట్లో తెలుగు-ఒడియా పెళ్లి జరిగింది. రేస్ కలిసినట్టేనా?

కాదు. అవి భాషా కుటుంబాల పేర్లు. ఒడియా ఇండో-ఆర్యన్ భాష, తెలుగు ద్రావిడ భాష. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని 1816లో మద్రాసులో ఎల్లిస్ అనే అధికారి చూపించాడు. 1856లో కాల్డ్‌వెల్ ద్రావిడ భాషలను పోల్చి వ్యాకరణం రాశాడు. భాషల గురించి చెప్పిన సంగతిని ఆ తర్వాత మనుషుల ఒంటికి అంటించారు. ఆర్య భాషల గురించి అంత రాసిన మాక్స్ ముల్లరే, ఆర్య రక్తం, ఆర్య జుట్టు అని మాట్లాడటం తప్పని 1888లో గట్టిగా చెప్పాడు.

మన కోరాపుట్ వైపు వెళ్తే సాక్ష్యం కళ్ల ముందే ఉంది. గదబలు అన్న ఒకే పేరుతో పిలిచేవాళ్లలో కొందరిది గుతోబ్, అది ముండా భాష, అంటే ఆర్య, ద్రావిడ కుటుంబాలు రెండింటికీ చెందని వేరే కుటుంబం. మరికొందరిది ఒల్లారి, అది ద్రావిడ భాష. పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తి పంతులుగారు నేర్చుకుని నిఘంటువు కూర్చిన సవర కూడా ముండా భాషే. దాని పక్క కొండ మీద వినిపించే కువి ద్రావిడ భాష, మన తెలుగుకు చుట్టం. భాషను బట్టి రక్తం చెప్పేటట్టయితే ఒకే పేరున్న గదబలను ఎటు పంపుతాం? మీ ఇల్లు రెండు భాషల ఇల్లు. పిల్లలు అమ్మతో తెలుగు, నాన్నమ్మతో ఒడియా మాట్లాడుకుంటూ పెరుగుతారు.

సైన్సు ప్రకారం అసలు రేసులు ఉన్నాయా, లేవా?

మనుషుల్లో తేడాలున్నాయి. కానీ ఆ తేడాలు నాలుగైదు పెట్టెల్లో సర్దేటట్టు లేవు. ఏ ఇద్దరి డీఎన్‌ఏ తీసుకున్నా సుమారు 99.9 శాతం ఒకటే. మిగిలిన ఆ కాస్త తేడాలోనూ ఎక్కువ భాగం, దాదాపు 85 శాతం, ఒకే సమూహంలోని మనుషుల మధ్యే ఉంటుందని 1972లో లెవాంటిన్ అనే అమెరికా జన్యు శాస్త్రవేత్త లెక్కగట్టాడు. యునెస్కో అంతకు ముందే, 1950లో, రేస్ పేరుతో ఎక్కువ తక్కువలు చెప్పడానికి ఆధారం లేదని ప్రకటించింది.

దీన్ని నేను తరగతిలో ఇలా చూపించేదాన్ని. నలభై మంది పిల్లల్ని ముందు ఒంటి రంగును బట్టి వరుసలో నిలబెట్టేదాన్ని. తర్వాత ఎత్తును బట్టి, తర్వాత బ్లడ్ గ్రూపును బట్టి. ప్రతిసారీ వరుస మారిపోయేది. మొదటిసారి పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు మూడోసారి వరుసకు ఆ చివరా ఈ చివరా ఉండేవాళ్లు. 'మరి అసలు వరుస ఏది మేడమ్?' అని ఒక పిల్ల అడిగింది. అసలు వరుస అంటూ ఒకటి లేదు. రేస్ విషయంలో జరిగింది కూడా అదే, కంటికి ముందుగా కనిపించే రంగును తీసుకుని అదే అసలు వరుస అన్నారు.

మన దేశం సంగతి చెప్పాలంటే, హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు అమెరికావాళ్లతో కలిసి 2009లోనూ 2013లోనూ చేసిన పరిశోధనల్లో, దాదాపు ప్రతి భారతీయ సమూహంలోనూ కనీసం రెండు పాత జనాల కలయిక కనబడింది. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందట విస్తారంగా జరిగింది. 'మాది కలవని రక్తం' అని చెప్పుకునే ఇళ్లలోనూ ఆ కలయిక ఉంది.

మరి ఈ గడులు గీసింది ఎవరు?

ఒక్కరు కాదు, ఎవరి అవసరం కొద్దీ వాళ్లు గీశారు. 1795లో బ్లూమెన్‌బాక్ అనే జర్మన్ పండితుడు మనుషుల్ని ఐదు రకాలుగా పంచాడు. మన దేశంలో 1901 జనగణన కమిషనర్ రిజ్లీ ముక్కు వెడల్పు, పొడవు కొలిపించి జనాన్ని ఏడు రకాలు చేశాడు. అందులో తెలుగువాళ్లు 'ద్రావిడ', ఒడియావాళ్లు 'మంగోలో-ద్రావిడ', మరాఠీవాళ్లు 'సిథో-ద్రావిడ'. మా వీధిలో ఒకే కుళాయి దగ్గర బిందెలు పెట్టుకునే రెండు ఇళ్లు ఆయన పుస్తకంలో రెండు రకాల మనుషులు. అప్పటికి బరంపురం మద్రాసు రాష్ట్రంలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి గంజాం, కోరాపుట్ అందులో కలిశాయి. పాలకులు మారారు, ఇళ్లు ఉన్నచోటే ఉన్నాయి.

గీత ఎలా జరుగుతుందో చూడాలంటే అమెరికాలో మనవాళ్ల కథ చాలు. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ, ఆనాటి శాస్త్రం ప్రకారం తానూ కాకేషియన్‌నే కాబట్టి తెల్లవాడిగా పౌరసత్వం ఇవ్వాలని అక్కడి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. శాస్త్రం ఏం చెప్పినా మామూలు జనం నిన్ను తెల్లవాడనుకోరని కోర్టు కాదంది. 1930 జనగణనలో అక్కడి భారతీయుల రేస్ 'హిందూ'. 1970లో 'తెల్లవాళ్లు'. 1980 నుంచి 'ఏషియన్ ఇండియన్'. ఒకే మనిషి యాభై ఏళ్లు అక్కడ బతికుంటే మూడు రేసులు మారేవాడు, ఒంటి మీద వెంట్రుక మారకుండానే.

గీతలు ఉత్తివే అయితే ఇంత టెన్షన్ ఎందుకు? పట్టించుకోకపోతే పోలేదా?

గీత ఉత్తిదే, దెబ్బ మాత్రం నిజం. దక్షిణాఫ్రికాలో 1950 చట్టంతో ప్రతి మనిషికీ ఒక రేస్ రాసిపెట్టారు. సందేహం ఉన్నవాళ్ల జుట్టులో పెన్సిల్ గుచ్చి, జారిపడుతుందా లేదా అని చూశారు. దాంతో ఒకే తల్లి పిల్లలు వేరు వేరు గడుల్లో పడ్డ ఇళ్లున్నాయి. 1860 నుంచి మద్రాసు ఓడల్లో నటాల్ చెరకు తోటలకు వెళ్లిన తెలుగువాళ్ల పిల్లలూ ఆ చట్టం కింద బతికినవాళ్లే. 1991 దాకా అది రద్దు కాలేదు. ఏ ఇంట్లో ఉండాలి, ఏ బడికి వెళ్లాలి, ఎవరిని పెళ్లాడాలి అన్నవన్నీ ఆ గీతే తేల్చింది. కాబట్టి పిల్లలకు రెండూ చెప్పాలి: గీత ప్రకృతి గీసింది కాదని, అయినా దాని వల్ల మనుషులు నష్టపోయారని. ఒకటి చెప్పి రెండోది దాచిపెడితే, బయట దెబ్బ తగిలిన రోజు పిల్ల మన దగ్గరికి రాదు.

మన వైపు ఇలాంటి కుటుంబాలు ముందెప్పుడైనా ఉన్నాయా?

ఉన్నాయి, మనమే మర్చిపోయాం. గోపాలపూర్ రేవు నుంచి గంజాం జనం, ఒడియావాళ్లూ తెలుగువాళ్లూ, పనికోసం ఓడెక్కి రంగూన్ వెళ్లేవాళ్లు. దాన్ని మనం 'రంగం' అన్నాం. 1931 నాటికి రంగూన్ ఊళ్లో సగానికి పైగా మన దేశంవాళ్లే. కొందరు అక్కడే బర్మా స్త్రీలతో కాపురం పెట్టారు. మా మామ్మ అలా పుట్టింది. 1942 మొదట్లో, బాంబులకు ఊరు ఖాళీ అవుతుంటే, తండ్రి చెయ్యి పట్టుకుని ఓడెక్కింది. తల్లి అక్కడే ఉండిపోయింది. రంగూన్‌లో మామ్మను 'కలా' అనేవాళ్లట, అంటే బయటి దేశంవాడని. బరంపురం వచ్చాక 'బర్మా పిల్ల' అన్నారు. 1964 తర్వాత బర్మా నుంచి మళ్లీ లక్షల మంది వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు అలా వచ్చిందే.

గజపతి జిల్లా చంద్రగిరిలో 1963 నుంచి టిబెటన్లు ఉన్నారు. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు ఒడియా నీళ్లు తాగినంత సులువు. వాళ్లను చూసి 'ఏ దేశం?' అని అడిగేవాళ్లు మాత్రం ఇప్పటికీ ఉన్నారు.

## పెళ్లికి ముందు

మా అమ్మాయి ఆఫ్రికన్ అమెరికన్ అబ్బాయిని చేసుకుంటానంటోంది. చుట్టాలకు ఎలా చెప్పాలి?

ముందు మీ సంగతి మీరు తేల్చుకోండి. తెల్లవాడైతే మీరు ఇదే ప్రశ్న అడిగేవారా? ఈ మాట మా అక్కను నేనే అడిగాను. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడోరోజు ఫోన్ చేసి 'అడిగేదాన్ని కాదే' అంది. అక్కడి నుంచే మా ఇంట్లో మాట కదిలింది.

చుట్టాలకు చెప్పేటప్పుడు అబ్బాయి చదువు, జీతం ముందు చెప్పి రంగు చివర్లో చెప్పకండి. అలా చేస్తే రంగు ఒక లోపం, జీతం దానికి పరిహారం అన్నట్టవుతుంది. ఫోటో పంపండి, పేరు చెప్పండి, అతని తల్లిదండ్రుల గురించి రెండు మాటలు చెప్పండి. పెద్దవాళ్లకు నేరుగా వీడియో కాల్‌లో చూపించడం అన్నిటికంటే మంచిది. మా పెద్దమ్మ ఆ అబ్బాయి వాళ్ల అమ్మతో భాష రాకుండానే పావుగంట మాట్లాడి, 'మోకాళ్ల నొప్పులట పాపం' అంటూ ఫోన్ ఇచ్చింది.

వేరే రేస్ రక్తం కలిస్తే పిల్లలకు జబ్బులు వస్తాయా?

రావు. ఆ మాటకొస్తే మేనరికాల్లోనే, తల్లీ తండ్రీ ఇద్దరిలో ఒకే లోపమున్న జన్యువు కలిసే అవకాశం ఎక్కువ. అయితే రెండు పరీక్షలు ఏ జంటకైనా చెప్తాను. ఒకటి బ్లడ్ గ్రూపు. తల్లిది నెగెటివ్, తండ్రిది పాజిటివ్ అయితే డాక్టరు సలహాతో యాంటీ-డి ఇంజెక్షన్ తీసుకోవాలి. దానికీ రేస్‌కూ సంబంధం లేదు.

రెండోది సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు. దీన్ని చాలామంది నల్లవాళ్ల జబ్బనుకుంటారు. మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో నిలబడ్డ జన్యువు అది. ఆఫ్రికాతో పాటు గ్రీసులో, అరేబియాలో, మన కోరాపుట్-రాయగడ కొండల్లో, మహారాష్ట్ర గడ్చిరోలిలో కూడా ఉంది. రాయగడ అమ్మాయికీ అట్లాంటా అబ్బాయికీ ఇద్దరికీ అది ఉండొచ్చు, ఇద్దరికీ లేకపోవచ్చు కూడా. ఇద్దరూ క్యారియర్లయితే, అంటే జబ్బు లేకుండా ఆ జన్యువును మోస్తున్నవాళ్లయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్షతో తెలిసిపోతుంది. 2023 నుంచి కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ నడుపుతోంది, మన జిల్లాల్లో ఈ పరీక్ష చేయించుకోవడం సులువే.

పెళ్లి ఇక్కడే రిజిస్టర్ చేయించాలంటే?

1954 ప్రత్యేక వివాహ చట్టం కింద చేయించుకోవచ్చు. వరుడు లేదా వధువు విదేశీ పౌరులైనా ఫరవాలేదు. ఇద్దరిలో ఒకరు నోటీసుకు ముందు కనీసం 30 రోజులు ఆ జిల్లాలో ఉండాలి. నోటీసు పెట్టాక మరో 30 రోజులు ఆగాలి. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి, ముగ్గురు సాక్షులు కావాలి. విదేశీయులను పెళ్లి కాలేదన్న పత్రం వాళ్ల ఎంబసీ నుంచి తెమ్మంటారు. దానికి టైం పడుతుంది, టికెట్లు కొనేముందే చూసుకోండి.

## కడుపుతో ఉన్నప్పుడు, బిడ్డ పుట్టాక

కుంకుమపువ్వు పాలు తాగితే బిడ్డ తెల్లగా పుడుతుందా?

పుట్టదు. ఒంటి రంగును చాలా జన్యువులు కలిసి నిర్ణయిస్తాయి, తల్లి తాగిన పాలు మార్చలేవు. ఎండ తీవ్రంగా ఉన్నచోట నల్లటి చర్మం ఒంట్లోని ఫోలేట్‌ను కాపాడింది. ఎండ తక్కువ ఉన్నచోట లేత చర్మం విటమిన్ డి తయారు కావడానికి పనికొచ్చింది. చర్మం రంగు వెనుక ఉన్న కథ ముఖ్యంగా ఇదే. రుచికోసం తాగితే తాగండి. కడుపుతో ఉన్న పిల్ల ముందు 'ఎవరి రంగు వస్తుందో' అని మాత్రం రోజూ అనకండి. ఆ పిల్ల వింటూనే ఉంటుంది.

బిడ్డ నడుం కింద నీలంగా మచ్చ ఉంది. దెబ్బా? దిష్టా?

రెండూ కాదు. ఆసియా, ఆఫ్రికా మూలాలున్న చాలామంది పిల్లలకు పుట్టుకతోనే ఉంటుంది, మన తెలుగు పిల్లల్లోనూ మామూలే. కొన్నేళ్లకు తనంతట అదే పోతుంది. విదేశాల్లో ఉంటే మాత్రం మొదటిసారి డాక్టరుకు చూపించినప్పుడే రికార్డులో రాయించండి. తెలియనివాళ్లు అది దెబ్బ అనుకుని తల్లిదండ్రులను అనుమానించిన సందర్భాలున్నాయి.

పుట్టినప్పుడు తెల్లగా ఉంది, ఇప్పుడు రంగు తగ్గుతోంది. ఎందుకు?

చాలామంది పిల్లలకు అసలు రంగు కొన్ని నెలల్లో నెమ్మదిగా తేలుతుంది. ఇందులో 'తగ్గడం' ఏమీ లేదు. అన్నదమ్ములు వేరు వేరు రంగుల్లో ఉండటం కూడా మామూలే. శనగపిండి నలుగు పెట్టండి, అది ఒంటికి హాయి. తెల్లబరిచే క్రీములు మాత్రం పిల్లల దగ్గరికి రానివ్వకండి. చాలావాటిలో స్టెరాయిడ్, కొన్నిటిలో పాదరసం దొరికాయి.

జుట్టు రింగులు రింగులుగా ఉంది, దువ్వెన దిగడం లేదు. గుండు చేయిస్తే సాఫుగా వస్తుందా?

రాదు. వెంట్రుక ఆకారం చర్మం లోపలి కుదురులో ఉంటుంది, పైన గీస్తే మారదు. పుట్టు వెంట్రుకలు మొక్కు ఉంటే తీయించండి, జుట్టు మారుతుందని మాత్రం వద్దు.

మా చిన్నోడు, అంటే అక్క మనవడు, మొదటిసారి వచ్చినప్పుడు మా అక్క పెరట్లో బండ మీద కూర్చోబెట్టి, పొడి జుట్టులో సన్నపళ్ల దువ్వెన పెట్టి, కుదుళ్ల నుంచి కిందికి లాగింది. వాడి ఏడుపు వీధి చివరికి వినపడింది. వాళ్లమ్మ పరుగున వచ్చి చేసి చూపించింది: తల బాగా తడిపి, కండిషనర్ పట్టించి, జుట్టును నాలుగు పాయలు చేసి, ఒక్కో పాయ వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి జరుగుతూ రావాలి. వారానికి ఒకట్రెండు సార్లు చాలు. నూలు గలీబు మీద పడుకుంటే రింగులు చిక్కుపడి తెగుతాయని చెబితే, మా అక్క చిరిగిపోయిన తన పాత బరంపురం పట్టుచీర చెంగు కత్తిరించి తలగడకు గలీబు కుట్టింది. ఇప్పుడు వాడు రాకముందే ఆ గలీబు ఉతికి ఆరేస్తుంది.

ఏ భాష నేర్పాలి? రెండు మూడు భాషలైతే మాట ఆలస్యమవుతుందా?

ఎక్కువ భాషలు విన్నంత మాత్రాన మాటలు రావడం ఆగదు. ఒక్కొక్కరు ఒక్కో భాషలో మాట్లాడితే పిల్లలు మనుషుల్ని బట్టి భాష పట్టుకుంటారు. మన జిల్లాల్లో పుట్టిన ఎవరినైనా అడగండి, ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బళ్లో ఇంగ్లీషుతోనే పెరిగాం. అమ్మమ్మలు తెలుగే మాట్లాడండి. వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడితే ఆ పిల్లకు మన దగ్గర దొరికేది కూడా దొరకదు.

## బడిలో, వీధిలో

పిల్లను 'సగం తెలుగు' అనొచ్చా?

నేను అనను. మా మామ్మను జీవితమంతా 'సగం బర్మాది' అన్నారు. ఆమె వండిన పులుసు సగం కాదు, చదివిన పద్యం సగం కాదు. మడి కట్టుకుని పొంగలి వండినప్పుడు మాత్రం ఒక చుట్టం 'నీకెందుకమ్మా ఇవన్నీ' అంది. సగం అన్న మాట వల్ల జరిగే పని ఇదే, మిగతా సగానికి తలుపు వేసేస్తుంది. 'వాళ్లమ్మ తెలుగు, వాళ్ల నాన్న అమెరికన్' అని చెబితే సరిపోతుంది కదా. పిల్ల పెద్దయ్యాక తనను తాను ఏమని చెప్పుకుంటుందో అదే మనమూ అనాలి.

బళ్లో 'చైనా', 'కరోనా', 'కాలియా' అని ఏడిపిస్తున్నారు. టీచరు పట్టించుకోవడం లేదు.

మొదట పిల్ల చెప్పింది పూర్తిగా వినండి. 'పోనీలే, సరదాకి అన్నారు' అనకండి. పిల్ల రెండోసారి చెప్పదు. తర్వాత తేదీ, ఎవరన్నారు, ఏమన్నారు అని ఒక కాగితం మీద రాసి హెడ్‌మాస్టరుకు ఇవ్వండి. నోటితో చెప్పింది గాలికి పోతుంది, కాగితం ఉంటుంది.

నాకూ మా మామ్మ కళ్లే వచ్చాయి. ఐదో తరగతిలో ఒక టీచరు అటెండెన్సు పిలుస్తూ నన్ను రోజూ 'చైనా' అనేవారు, తరగతి నవ్వేది. మా నాన్న ఒక రోజు వచ్చి వరండాలో నిలబడి నెమ్మదిగా, 'మాస్టారూ, మా అమ్మాయికి మేం పేరు పెట్టామండి' అన్నారు. గొడవ పడలేదు. మర్నాటి నుంచి నా పేరు పిలిచారు. ఎవరో ఒక పెద్ద మనిషి వచ్చి నా తరఫున నిలబడ్డారన్నది నాకు ఇప్పటికీ గుర్తు.

ఈశాన్య రాష్ట్రాల పిల్లల మీద ఢిల్లీలో జరిగిన దాడుల తర్వాత 2014లో కేంద్రం బెజ్‌బరువా కమిటీ వేసింది. ఇది చిన్నపిల్లల సరదా కాదని ప్రభుత్వానికి కూడా తెలుసు.

రైల్లో, బజారులో పిల్ల ముందే 'ఎవరి పిల్ల? పెంచుకున్నారా?' అంటారు. ఏం చెప్పాలి?

'మా మనవరాలండి' అని చెప్పి ఊరుకోండి. వివరం ఇవ్వాల్సిన అవసరం లేదు. మీరు జవాబు చెప్పేటప్పుడు పిల్ల మీ ముఖమే చూస్తుంటుంది, అడిగినవాళ్ల ముఖం కాదు.

## కాగితాలు

పిల్లకు భారత పౌరసత్వం వస్తుందా? రెండు దేశాల పాస్‌పోర్టులు ఉంచుకోవచ్చా?

2004 డిసెంబరు 3న గానీ ఆ తర్వాత గానీ ఇక్కడ పుట్టిన పిల్లకు తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులై, రెండోవారు అక్రమంగా వచ్చినవారు కాకపోతే పౌరసత్వం వస్తుంది. బయట పుడితే ఏడాదిలోపు అక్కడి భారత కాన్సులేట్‌లో నమోదు చేయించాలి, వేరే దేశం పాస్‌పోర్టు లేదని రాసివ్వాలి. మన చట్టం రెండు పౌరసత్వాలకు ఒప్పుకోదు. వేరే దేశం పౌరసత్వం తీసుకుంటే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఉంది. దాంతో వచ్చిపోవచ్చు, ఉండొచ్చు, చదువుకోవచ్చు. ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు.

తల్లిదండ్రులవి వేరు వేరు నేపథ్యాలైతే కుల సర్టిఫికెట్ ఎవరి వైపు వస్తుంది?

మామూలుగా తండ్రి వైపు చూస్తారు. కానీ అదే చివరి మాట కాదని, తల్లి ఎస్సీ లేదా ఎస్టీ అయి పిల్ల ఆ సమాజంలోనే పెరిగి అదే వివక్ష అనుభవిస్తే దాన్నీ లెక్కలోకి తీసుకోవాలని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో జాబితా ఉంటుందని గుర్తుంచుకోండి. ఆంధ్రలో జాబితాలో ఉన్న కులం ఒడిశా జాబితాలో లేకపోవచ్చు. ఇచ్ఛాపురం దాటగానే చిక్కుపడే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి.

తండ్రి వైపే చూసే అలవాటు రాజ్యాంగంలోనూ కనిపిస్తుంది. ఆంగ్లో ఇండియన్ అంటే ఎవరో చెప్పే 366(2) అధికరణం తండ్రి వైపు ఐరోపా మూలాన్నే లెక్కిస్తుంది. తల్లి ఐరోపా మనిషైతే ఆ పేరు రాదు.

అమెరికా ఫారాల్లో రేస్ దగ్గర ఏ గడి కొట్టాలి?

ఎన్ని వర్తిస్తే అన్ని. 2000 జనగణన నుంచి అక్కడ ఒకటికంటే ఎక్కువ గుర్తించవచ్చు. 2010లో 90 లక్షల మంది అలా గుర్తించారు, 2020లో 3 కోట్ల 38 లక్షల మంది. అందరూ కొత్తగా పుట్టినవాళ్లు కాదు, ప్రశ్న అడిగే తీరు, లెక్కించే తీరు మారడం వల్ల కూడా అంకె పెరిగింది. మన జనగణన ఫారంలో రేస్ గడి లేదు.

## పెద్దయ్యాక

మా మనవడు 'నేను బ్లాక్' అంటున్నాడు. అంటే తెలుగువాణ్ని కాదనుకుంటున్నాడా?

కాదు, బాధపడకండి. అమెరికాలో ఒక్క బొట్టు నల్లవాళ్ల రక్తం ఉన్నా నల్లవాళ్లే అని చాలా రాష్ట్రాలు చట్టాలే చేశాయి. వర్జీనియా 1924లో చేసింది. ఆ చట్టం కింద పెళ్లి నేరమైన ఒక జంట కేసులో 1967 జూన్ 12న అక్కడి సుప్రీంకోర్టు రేస్ దాటి పెళ్లాడకూడదన్న నిషేధాలు చెల్లవంది. అప్పటికి ఇంకా 16 రాష్ట్రాల్లో ఆ నిషేధం ఉంది. చట్టం పోయినా చూపు పోలేదు. పోలీసు కారు ఆపినప్పుడు వాడిలోని తెలుగు ఎవరికీ కనబడదు. వాడు బ్లాక్ అనడం తన తండ్రి పక్కన నిలబడటం. సంక్రాంతికి ఫోన్ చేసి 'అమ్మమ్మా, అరిసెలు పంపు' అన్నప్పుడు మీ పక్కన నిలబడ్డాడు. రెండూ వాడే.

డీఎన్‌ఏ టెస్టు చేయిస్తే ఎవరం ఎంత శాతమో తెలుస్తుందా?

ఆ శాతాలు అంచనాలు. మీ నమూనాను కంపెనీ తన దగ్గర ఉన్న నమూనాలతో పోల్చి చెప్తుంది. కంపెనీ మారితే అంకె మారుతుంది, ఒక తల్లి పిల్లలకు కూడా వేరువేరుగా వస్తుంది. దూరపు చుట్టాలు బయటపడొచ్చు, ఇంట్లో ఎవరూ చెప్పని సంగతులూ బయటపడొచ్చు. రెండోదానికి ఇంట్లోవాళ్లంతా సిద్ధమేనా అని ముందే మాట్లాడుకోండి.

ఒక వైపు తాతముత్తాతల పేర్లు కూడా తెలియవు. పిల్లలకు ఏం చెప్పాలి?

తెలిసినంత చెప్పండి, ఎంత చిన్నదైనా. మా మామ్మ దగ్గర తల్లి ఫోటో లేదు, ఇంటి చిరునామా లేదు. చేతి అరచెయ్యంత గుండ్రటి రాయి ఒకటి ఉండేది. రంగూన్‌లో వాళ్లమ్మ ఒక చెట్టు బెరడును అలాంటి రాయి మీద నీళ్లతో అరగదీసి బుగ్గలకు రాసేదట. ఇక్కడ ఆ చెట్టు దొరక్క మామ్మ గంధపు చెక్క అరగదీసుకునేది. జ్వరం వచ్చినా, కాలికి ముల్లు గుచ్చుకున్నా 'అమే' అనేది. అమ్మ అనబోయి పళ్లు లేక అలా అంటోందని మేం పిల్లలం అనుకునేవాళ్లం. బర్మా భాషలో తల్లిని అమే అంటారని నాకు నలభై దాటాక తెలిసింది, అప్పటికి ఆమె లేదు.

పోయిన వేసవిలో మా చిన్నోడు ఆ రాయి పట్టుకుని ఇదేమిటని అడిగాడు. గంధం అరగదీసి బుగ్గకు రాసి, ఆ మాట కూడా చెప్పాను. వాడు రెండుసార్లు పలికి చూసుకుని, వాళ్లమ్మకు రాస్తానని రాయి పట్టుకుని వెళ్లాడు.